ఆ సాఫ్ట్ సమ్మర్ ఎవరు

జూన్ 6, శనివారం

ఈయన క్యాంపు నుంచి వచ్చాడు. నాలుగు రోజుల్లో పదకొండు లిఫ్టులు బాగుచేశాడట. నాకో స్వెట్టర్ తెచ్చాడు. ఉల్లిపొర రంగు. కవర్ విప్పగానే నవ్వు తెచ్చిపెట్టుకుని బాగుందన్నాను. ఒకసారి వేసుకో అన్నాడు. ఉక్కగా ఉంది, తర్వాత చూద్దాం అన్నాను.

నేను రోజుకి నలుగురిని అద్దం ముందు కూర్చోబెట్టి, ఎవరికి ఏ రంగులు నప్పుతాయో చెప్పి పంపే మనిషిని. కలర్ అనలిస్ట్ అని నా కుర్చీ వెనక బోర్డు కూడా ఉంది. ఆరేళ్లుగా అదే నాకు తిండి పెడుతోంది. మా లెక్కలో ఒక్కో మొహానికి ఒక్కో రుతువు పేరు, నేను సాఫ్ట్ ఆటమ్. ఇటుక, ఆవపిండి, తేనె, ఖాకీ, ఇవీ నా రంగులు. బీరువాలో ఇంకో రంగు దారప్పోగు కూడా దొరకదు. ఆరేళ్లుగా కళ్లెదురుగా అవే వేసుకు తిరుగుతుంటే ఈయనకి ఉల్లిపొర రంగు ఎలా తట్టింది?

జూన్ 7, ఆదివారం, మధ్యాహ్నం

స్వెట్టర్ లోపల పెట్టబోయి పాతవన్నీ బయటికి లాగాను. ఈయన క్యాంపులకెళ్లి తెచ్చినవి, ఒక్కసారి కూడా వాడనివి. బూడిద నీలం స్కార్ఫ్. వాడిన గులాబీ రంగు గొడుగు. పొగమంచు రంగు హ్యాండ్‌బ్యాగు. నేరేడుపండు నీళ్లల్లో కడిగినట్టుండే శాలువా. స్వెట్టర్‌తో కలిపి ఐదు.

కిటికీ దగ్గర మంచం మీద వరసగా పరిచి, పని సంచిలోంచి కలర్ కార్డులు తెచ్చి పక్కన పెట్టాను. ఐదూ సాఫ్ట్ సమ్మర్, చల్లటి మసక రంగులు. ఒక్కటీ గీత దాటలేదు. రంగులు తెలియని మగాడు కొంటే ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోవాలి. ఐదుకి ఐదూ ఒకే గూట్లో వాలవు. ఈయన కొనేటప్పుడు మనసులో ఎవరిదో మొహం ఉంది. అది నా మొహం కాదు. అన్నీ మళ్లీ సర్దిపెట్టి, వంటింట్లోకెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

సాయంత్రం 6

నాకు తెలిసిన సాఫ్ట్ సమ్మర్లు: బ్యాంకులో మేనేజరమ్మ, ఆమెకి అరవై. కింది ఫ్లాటు డెంటిస్ట్, ఆమె పళ్లు తప్ప ఇంకేం చూడదు. మా అక్క. అక్కని ఈ లెక్కలోంచి తీసేస్తున్నాను.

ఇంకొకతె ఉంది. మా స్టూడియోలోనే.

జూన్ 9, మంగళవారం

ఆమె చేరి ఐదు నెలలు. ఎప్పుడూ బూడిద రంగు వేసుకుని మెత్తగా నడుస్తుంది కాబట్టి ఈ డైరీలో పావురం అని రాస్తాను. ఆమెది సాఫ్ట్ సమ్మర్ అని తేల్చింది నేనే. నా చేత్తోనే.

సాఫ్ట్ సమ్మర్‌కీ సాఫ్ట్ ఆటమ్‌కీ తేడా పట్టడం మా పనిలో అన్నిటికంటే కష్టం. రెండూ మసక రంగులే. రెండూ గట్టిగా మాట్లాడవు. పేరుకి సమ్మరే గానీ దాంట్లో చల్లదనం, ఆటమ్‌లో వెచ్చదనం, అంతే. జుట్టుకి తెల్లగుడ్డ కట్టి, మేకప్ కడిగించి, పగటి వెలుతురులో గడ్డం కింద ఒకటి తర్వాత ఒకటి గుడ్డలు వేసి చూడాలి. తప్పు గుడ్డ పడితే కళ్ల కింద నలుపు తేలుతుంది, గడ్డం పసుపెక్కుతుంది. సరైనది పడితే గుడ్డ వెనక్కి పోయి మొహం ముందుకొస్తుంది. పావురానికి ఉల్లిపొర రంగు వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. స్టూడియో నడిపే మేడమ్ కూడా చూసి అబ్బా అంది.

జూన్ 12, శుక్రవారం

స్కార్ఫ్ బ్యాగులో వేసుకెళ్లాను. కొత్త గుడ్డ ఒకటి వచ్చింది, నీ మీద వేసి చూస్తాను కూర్చో అని పావురంతో అన్నాను. పాపం, కూర్చుంది. ఆమె కోసమే నేసినట్టుంది. ఎక్కడ కొన్నారక్కా అని అడిగింది. గుర్తులేదన్నాను. తీసి మడతపెట్టి మళ్లీ బ్యాగులో పెట్టేశాను.

జూన్ 13, శనివారం

స్టూడియో మూసేసరికి వాన. ఈయన కారు తెచ్చాడు. పావురాన్నీ దింపుదాం అన్నాడు. ముందు సీట్లో ఆమెని కూర్చోబెట్టాడు, వాళ్లిల్లు ముందొస్తుందట. వెనక సీట్లో నేనూ, ఈయన పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్న పెట్టె. లిఫ్టు మధ్యలో ఆగితే ఏం చెయ్యాలని ఆమె అడిగితే దారిపొడుగునా చెప్పాడు. పద్నాలుగేళ్ల కాపురంలో నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకో. అది వేరే సంగతి.

జూన్ 15, సోమవారం

మా స్టూడియోలో ఒక పద్ధతుంది. క్లయింట్‌ని ఇద్దరం చూసి, ఎవరి మాట వాళ్లం చీటీ మీద రాసి మడిచి మేడమ్ బల్ల మీద పెడతాం. తేడా వస్తే సీనియర్ మాటే మాట. ఇవాళ ఒక స్కూలు టీచర్ వచ్చింది. నేను సాఫ్ట్ ఆటమ్ అని రాశాను. పావురం సాఫ్ట్ సమ్మర్ అని రాసింది.

ఈ నెలలో ఇది మూడోసారి. మేడమ్ దగ్గరికెళ్లి, ఆ అమ్మాయికి అందరిలోనూ తన రంగే కనిపిస్తోంది, కన్ను ఇంకా కుదరలేదు, కొన్నాళ్లు చీటీ రాయనివ్వకపోతేనే మంచిదని చెప్పాను. చాలా నెమ్మదిగా చెప్పాను. ఆమె మేలు కోరినట్టే ఉంది. మేడమ్ తలూపింది.

జూన్ 16, మంగళవారం

పావురం వెనక గదిలో గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. నూట నలభై గుడ్డలు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

జూన్ 23, మంగళవారం

ఈయన మళ్లీ క్యాంపు. ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తలేదు. లిఫ్టు షాఫ్టులో ఉంటే సిగ్నల్ రాదట. పావురం కూడా ఇవాళ సెలవు. అమ్మకి బాగాలేదట. నిప్పు లేనిదే పొగ రాదు.

జూన్ 24, బుధవారం

వాళ్లమ్మకి నిజంగానే బాగాలేదు. మేడమ్ ఆసుపత్రికెళ్లి చూసొచ్చింది. నేను వెళ్లలేదు.

జూన్ 27, శనివారం

అడిగేశాను. ఈయన తెచ్చినవి ఉన్న సంచి బల్ల మీద పెట్టి, ఐదూ తీసి ముందు పరిచి, ఎవరామె అన్నాను. ఎవరు అన్నాడు. ఆ సాఫ్ట్ సమ్మర్ ఎవరు అన్నాను. అదేం హోటలు, నేనెప్పుడూ దిగలేదే అన్నాడు. నవ్వొచ్చే మాటే. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు సీటు సంగతి, స్కార్ఫ్ సంగతి, ఫోన్ ఎత్తని సంగతి అన్నీ అనేశాను. పావురం పేరు కూడా చెప్పాను. ఆ పిల్లకి మా చెల్లెలి కూతురి వయసుంటుంది అన్నాడు. వయసు ఎప్పుడు చూసుకున్నారు అన్నాను. అనకూడని మాట, నాకు తెలుసు.

తర్వాత ఐదూ తనే సర్దాడు, స్వెట్టర్ చేతులు లోపలికి మడిచి, షాపువాళ్లు మడిచినట్టు. సంచిలో పెట్టి అటకెక్కించాడు. స్టూలు దిగుతూ, ఇక నీకేమీ తేనులే అన్నాడు.

జూలై 3, శుక్రవారం

క్యాంపు నుంచి వచ్చాడు. ఏమీ తేలేదు.

జూలై 4, శనివారం

అంటే నేను అన్నది నిజమనేనా? లేక తెచ్చినవి ఇప్పుడు నేరుగా అక్కడికే పోతున్నాయా? రోజంతా ఇదే. ఈయన మాత్రం అన్నం తిని, పేపర్ చదివి, అడిగినదానికి జవాబు చెప్పి పడుకున్నాడు. పద్నాలుగేళ్లలో ఇంత మర్యాదగా ఎప్పుడూ లేడు. భయంగా ఉంది. పోట్లాడితే బాగుండు.

జూలై 7, మంగళవారం

ఆ స్కూలు టీచర్ తిరిగొచ్చింది. నా మాట నమ్మి బీరువా అంతా మార్చేసింది. ఒంటి మీద నా ఇటుక రంగు. స్టాఫ్ రూములో రోజూ ఎవరో ఒకరు జ్వరమా అని అడుగుతున్నారట. రక్తపరీక్ష కూడా చేయించుకుంది. ఏమీ లేదన్నారట. ఆమె కోపంగా లేదు, అదే నాకు ఇంకా కష్టమైంది. ఒకవేళ నా మొహమే అంతేమో చూడండి అంది.

మేడమ్ స్వయంగా తెరలు తీసి కూర్చోబెట్టింది. మూడో గుడ్డకే తేలిపోయింది. సాఫ్ట్ సమ్మర్. బల్ల మీద పావురం రాసిన చీటీ ఇంకా అలాగే ఉంది. నేను ఈ ఏడాది సాఫ్ట్ ఆటమ్ అని పంపినవాళ్ల జాబితా మేడమ్ అడిగింది. ముప్పై ఒక్కమంది. అందరినీ మళ్లీ పిలవాలట. పావురం ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

జూలై 9, గురువారం

ఆ పిల్లని వెనక గదిలో అడిగాను. నేను తప్పు చూస్తున్నానని నీకు ఎప్పటినుంచి తెలుసు అని. చేతిలో గుడ్డ అంచులు సరిచేసింది. తర్వాత చెప్పింది.

“అక్కా, మీరు ఎవరిని చూసినా మీ మొహంతో పోల్చి చూస్తారు. కానీ మీరు ఆటమ్ కాదేమోనని నాకు మొదటి వారమే అనిపించింది.”

ఇంకెవరైనా అంటే చెంప పగలగొట్టేదాన్ని.

ట్రైనింగ్ రోజులు గుర్తొచ్చాయి. ప్రాక్టీసుకి ఎవరినైనా తెచ్చుకోమంటే అక్కని తీసుకెళ్లాను. మా ట్రైనర్ అక్కని సాఫ్ట్ సమ్మర్ అని, క్లాసంతటికీ చూపించి మరీ మెచ్చుకుంది. మర్నాడు నా వంతు. ఆమె రెండు గుడ్డలూ మార్చి మార్చి వేస్తూ తేల్చుకోలేకపోయింది. నేనే, ఆటమ్ అండీ, నాకు వెచ్చటివే బాగుంటాయి అన్నాను. అప్పటికి అక్క బాగుందని విని విని ముప్పై ఏళ్లు. రంగులు కూడా అక్కతో పంచుకోవాలనిపించలేదు. ట్రైనర్ సరే అని రాసేసింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. నేను ఆ కామెర్లు నా నోటితో అడిగి రాయించుకున్నాను.

జూలై 10, శుక్రవారం

స్టూడియో మూశాక పావురం ముందు కూర్చున్నాను. పగటి వెలుతురు ఇంకా ఉంది. మొహం కడుక్కున్నాను, తలకి తెల్లగుడ్డ కట్టించుకున్నాను. ఇస్త్రీ గదికి నిన్ను పంపించింది నేనే, ఎందుకో కూడా చెప్తాను, విన్నాక వెయ్యి అన్నాను. అంతా చెప్పాను, ఈయన పేరుతో సహా. ఆమె మొహం ఎర్రబడింది. బయటికి వెళ్లిపోతుందనుకున్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, వచ్చి ఆవపిండి రంగు గుడ్డ వేసింది.

ఆరేళ్లుగా నా మొహం అనుకుంటున్న మొహం. కళ్ల కింద నలుపు, మూతి చుట్టూ పసుపు. వయసు అనుకున్నాను, రక్తం తక్కువ అనుకున్నాను. ఆ గుడ్డ తీసి ఉల్లిపొర రంగు వేసింది. నేను అద్దంలో చూసి తల తిప్పుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని మళ్లీ ముందుకి తిప్పింది. చెయ్యి కాస్త గట్టిగానే పట్టింది. నన్ను క్షమించిందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూలై 11, శనివారం

అటక మీంచి సంచి దించాను. స్వెట్టర్ వేసుకుని హాల్లో కూర్చున్నాను. ఈయన వచ్చి, చూసి, చెప్పులు విప్పుకుని, మళ్లీ చూశాడు. ఆ సాఫ్ట్ సమ్మర్ నేనేనట అన్నాను. అలాగా అన్నాడు. క్షమించమని అడగడానికి నా నోరు ఎంతసేపటికీ తిరగలేదు, చివరికి తిరిగింది. సరేలే అన్నాడు. ఆ సరేలేలో ఇంకా కొంచెం దూరం ఉంది.

అయినా నాలోని అనుమానపు భూతం ఊరుకోదు కదా. ఇన్నేళ్లు చదివిన నాకే తెలియనిది మీకెలా తెలిసింది, ఎవరు చెప్పారు అన్నాను. చెప్పాడు.

“నాకు రంగులేం తెలుసు? షాపులో ఒక్కోటి చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుంటాను. ఏది పట్టుకుంటే నీ మొహం కనిపిస్తుందో అది కొంటాను.”

ఈ మాట చెప్పి స్నానానికెళ్లాడు. నేను స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుని అక్కడే కూర్చున్నాను.

జూలై 19, ఆదివారం

ఈయనకి షర్టు కొందామని ఒక్కదాన్నే షాపుకెళ్లాను. ఒకటి చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకున్నాను. ఈయనది డీప్ ఆటమ్ అని వచ్చింది. కనుబొమల నలుపు వచ్చింది. మెడ దగ్గర ఏ ఛాయో, చెంప దగ్గర ఏ ఛాయో, అదీ వచ్చింది. మొహం రాలేదు. ఇంకోటి తీసుకున్నాను. సేల్స్ అమ్మాయి రెండుసార్లు వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది. పద్నాలుగో షర్టు మడిచి పెట్టేసి వట్టి చేతులతో ఇంటికొచ్చాను.