పిడికెడు ప్రయాణం

చిరంజీవి పెద్దమ్మాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడమే ఆయనకు ఇష్టం లేదు. నొప్పి ఉన్నన్నాళ్ళూ కాఫీ కుర్చీ దగ్గరికే వస్తుంది కదా! నీ దగ్గు ఎలా ఉంది? మందుల కొట్లో పొద్దస్తమానం నిలబడే ఉంటావు, నీ మందు నువ్వు వేసుకుంటున్నావా లేదా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి కాస్త కోపంగా. "చెల్లిని ఒంటరిగా ఎక్కడికీ పంపకు. నేనున్నంతకాలం దాన్ని నేనే చూసుకుంటాను" అని రాశావు. నీ మనసు నాకు తెలియనిది కాదు. ఏడో నెలలోనే పుట్టి అద్దాల పెట్టెలో పడుకున్నదాన్ని చూసి, "అమ్మా, పిడికెడే ఉంది" అన్నది నువ్వే. ఆ మాటే పేరై నిలిచిపోయింది. కానీ నువ్వు వచ్చి వెళ్ళి రెండేళ్ళు దాటింది తల్లీ. అప్పటి పిడికెడు వేరు, ఇప్పుడు ఈ ఇంట్లో నన్ను దబాయిస్తూ తిరుగుతున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల వేరు.

ఆసుపత్రిలో ఏం చెప్పారని అడిగావు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రంగు దిమ్మలు పేర్పించింది. అంకెలు వెనక నుంచి చెప్పించింది. ఒక కథ చదివించి ప్రశ్నలడిగింది. అన్నీ అయ్యాక కుర్చీ నా వైపు తిప్పుకుని, "చూడండమ్మా, మీ అమ్మాయికి..." అని మొదలుపెట్టింది. అప్పుడు పిడికెడు ఏమందో తెలుసా?

"డాక్టరు గారూ, పరీక్ష చేయించుకుంది నేను కదా, నాకు చెప్పండి. కాస్త ఆగి ఆగి చెప్పండి."

నేను సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆవిడ మాత్రం కళ్ళజోడు తీసి, కుర్చీ దాని వైపు తిప్పుకుంది. బిడ్డ కడుపులో ఉండే చివరి నెలల్లో మెదడు చాలా వేగంగా పెరుగుతుందట. దీనికి ఆ పెరుగుదల బయట, గొట్టాల మధ్య, దీపాల కింద జరిగింది. అలా పుట్టినవాళ్ళందరికీ ఇబ్బంది ఉండదట. కొందరికి మాత్రం పెద్దయ్యాక కూడా నాలుగు విషయాలు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోవడం, గబగబా ఆలోచించడం కష్టమవుతుందట. దీనికి ఆ రెండూ ఉన్నాయి. మాటలు, చదివింది అర్థం చేసుకోవడం మాత్రం ఈ వయసు వాళ్ళలో చాలామంది కంటే బాగున్నాయంది.

"అంటే నేను మొద్దునా?" అని సూటిగా అడిగింది మన పిల్ల.

"కాదమ్మా. ఒకేసారి అన్నీ మీద పడితే తడబడతావు. ఒక్కొక్కటే అందితే అన్నీ చేయగలవు. మెదడు ఎదగడం ఇంకా ఆగిపోలేదు కూడా."

అది నా వైపు తిరిగి, "విన్నావా అమ్మా? సబ్బు, దారం, కొవ్వొత్తులు, వచ్చేటప్పుడు మిషను నూనె అంటూ వీధి చివరిదాకా అరుస్తావు. ఇకనుంచి ఒకటి తెచ్చాక ఇంకోటి చెప్పు" అంది. డాక్టరమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ ఒట్టి సబ్బుతో తిరిగొచ్చినందుకు దాన్ని ఎన్ని తిట్టానో గుర్తొచ్చి, ఇంటికొచ్చాక కుట్టు మిషను దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాననుకో, అది వేరే సంగతి.

ఆ వారమే అది ఒక్కతే కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాలమ్మను కలిసింది. "పరీక్షల్లో అందరికీ ఇచ్చే ప్రశ్నలే ఇవ్వండి, సమయం మాత్రం కాస్త ఎక్కువ ఇవ్వండి" అని అడిగింది. ఆవిడ ముందు కుదరదంది. ఇది కదల్లేదట. చివరికి ఒప్పుకున్నారు. లెక్కల్లో రెండోసారికి గట్టెక్కింది. మార్కులు అడగకు. మీ నాన్న మాత్రం ఆ కాగితాన్ని తను పనిచేసే ప్రెస్సులో అందరికీ చూపించి వచ్చారు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచినది చెబుతాను. కోప్పడకు. పోయిన నెల పిడికెడు ఒక్కతే పిన్ని వాళ్ళ ఊరు బయలుదేరింది. మధ్యలో రైలు మారాలి. పొరపాటున వేరే రైలెక్కేసింది. ఎక్కడో చిన్న స్టేషన్లో దిగి ఫోన్ చేసింది. "అక్కడే కూర్చో, నాన్న బయలుదేరుతున్నారు" అన్నాను.

"వద్దమ్మా. చెప్పడానికి చేశాను, రమ్మనడానికి కాదు" అని పెట్టేసింది.

తర్వాత జరిగింది అది పిన్నికి చెబితే, పిన్ని నాకు చెప్పింది. బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగిందట. భయం కాస్త తగ్గాక టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళిందట. అక్కడాయన గడగడా ఏదో చెప్పబోతే, "అన్నీ వద్దు బాబాయ్, ఇప్పుడు ఏ ప్లాట్‌ఫారానికి వెళ్ళాలో అది చెప్పండి చాలు. మిగతాది దిగిన చోట అడుగుతాను" అందట. చీకటి పడకముందే పిన్ని తలుపు కొట్టింది. పిన్ని తిడుతూ ఏడుస్తుంటే, "తిట్లు తర్వాత పిన్నీ, ముందు అన్నం" అందట.

దారి తప్పని పిల్ల అయితే నాకు ఇంత గర్వం ఉండేది కాదేమో. తప్పి, తనంతట తాను తేల్చుకుని వెళ్ళింది చూడు, అదీ గర్వం. నాకు ఆ వయసులో అంత నిబ్బరం లేదు. నిజం చెప్పు, నీకుండేదా?

అసలు సంగతి ఇంకా ఉంది. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం మీ ఊళ్ళో ఉందట. చదివేవాళ్ళు కావాలంటే ఇది తన గొంతు రికార్డు చేసి పంపించింది. వచ్చి ఎదురుగా చదవమని పిలిచారు. తీసుకుంటారో లేదో తెలియదు. తీసుకోకపోతే ఇంకోచోట అడుగుతుందట. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం అక్కడ దిగుతుంది. రెండుచోట్ల రైలు మారాలి. ఒక్కతే వస్తోంది.

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నీ తలుపు కొట్టి నీ మొహం చూడాలట. ఒట్టు తీసి గట్టున పెట్టాను. నీకు చెప్పకుండా నా వల్ల కాలేదు. కానీ నువ్వు స్టేషన్‌కి వెళ్ళకు. వెళ్ళకుండా ఉండలేవని నాకు తెలుసు. కాబట్టి వెళ్ళినా ఏ స్తంభం చాటునో నిలబడు. అది ఎవరినో ఒకరిని ఆపి దారి అడుగుతుంది. ఆ అడిగే తీరు ఒక్కసారి కళ్ళారా చూడు. చూశాక అడ్డదారిలో పరిగెత్తి ఇంటికి చేరి, తలుపు తీయగానే బాగా ఆశ్చర్యపో.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్నందుకు ఈ పూట నేల మీద నిలవలేకపోతున్న
మీ అమ్మ