రెండు లీటర్ల ఇంజిన్

శీనన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బాలానగర్ షెడ్డులో నువ్వు సొంతంగా తయారుచేస్తూ వదిలి వెళ్లిన కారును మొదటిసారి స్టార్ట్ చేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది షెడ్డు కుర్రాడు నరేశ్. నేను ఆఫీసు పనిలో పడి రాని ఆ ఆఖరి ఆరు నెలలూ నీ పక్కన కూర్చుని ఇంజిన్ బిగించింది కూడా అతనే. నీ సొంత తమ్ముడిలా కారు చుట్టూ తిరుగుతుంటే నాకు ఒళ్లు మండింది.

బానెట్ ఎత్తితే లోపల రెండు లీటర్ల ఇంజిన్! మూడేళ్లు మనం కొట్లాడింది దాని కోసమే కదా. ఇంజిన్ పెద్దదైతే టర్బో తొందరగా అందుకుని బండి తొక్కగానే ఊపందుకుంటుందని నేను, అంత బరువెందుకు, చిన్నది, పదహారు వందల సీసీది చాలని నువ్వు. చివరికి నరేశ్ చెబితే విన్నావన్నమాట. ఆ మాటే అతన్ని అడిగాను.

"నేనేడ చెప్పిన అన్నా? శీనన్ననే అన్నడు, 'వాడు చెప్పిందే కరెక్ట్‌రా. వానికి మాత్రం చెప్పకు, నెత్తికెక్కుతడు' అని."

నార్సింగి దాకా నడిపాను. తొక్కగానే టర్బో అందుకుంది, నేను చెప్పినట్టే. అయినా నా కుళ్లు తగ్గలేదన్నా. ఆ మాట నీ నోట విన్నది నరేశ్, నేను కాదు.