వానలో ఎండిన నెత్తళ్ళు

కళింగపట్నం,
సెప్టెంబరు 14, 2024.

నీలవేణికి,

నీ కృపారాణి వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా ప్రాణాలతో, ఒంటినిండా చేపల వాసనతో ఉన్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

మన ఊరి నంబరు కనబడితే ఫోను పక్కన పెట్టేస్తున్నావని మీ చెల్లెలు చెప్పింది. అందుకే భీమవరంలో నువ్వు పనిచేసే రొయ్యల కంపెనీ చిరునామా తన దగ్గర తీసుకుని రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదవవే. నేను కళ్ళారా చూసింది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించడం లేదు.

వేసవి ముందు జిల్లా కేంద్రం నుంచి ఝాన్సీ అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. చిన్న వ్యాపారాలవాళ్ళకు ప్రభుత్వ సాయం ఇప్పించడం ఆమె ఉద్యోగం. మన డ్వాక్రా సంఘం మీటింగులో ఇసకలోనే మఠం వేసుకు కూర్చుని, చేపలెండబెట్టే సోలారు గది కట్టుకోవచ్చనీ, ఖర్చులో కొంత సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు అనీ చెప్పింది. మనం ఇన్నాళ్ళూ చేస్తున్నది ఆహార పరిశ్రమట! ఆ మాటకు మేమంతా పడీపడీ నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు.

కాగితాలన్నీ ఆమే దగ్గరుండి రాయించింది. బ్యాంకుకు నాతోపాటు మన లీడరు దానమ్మ పిన్ని వచ్చింది. ఆ పేరు వింటేనే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. నువ్వు లోను అడిగిన రోజున "వాయిదాలు కట్టలేని దానివి, నీకెందుకే లోను" అని అందరి ముందూ అనేసింది. మర్నాడే నువ్వు మూట కట్టుకుని వెళ్ళిపోయావు. నేను మరిచిపోలేదు.

స్థలం మీ పేరున లేనిదే అప్పు ఎలా ఇస్తామన్నారు మేనేజరు గారు. పిన్ని కుర్చీలో ముందుకు జరిగింది.

"బాబూ, ఇసక మీద ఆరేసిన సేపని కాకి తింటాది, కుక్క తింటాది, వాన తింటాది. మిగిలిందే మాది. నమ్మకపోతే ఒకపాలి వొచ్చి సూడండి."

ఆయన నిజంగానే వచ్చాడు నీలవేణీ! ప్యాంటు మడుచుకుని, ముక్కు మూసుకోకుండా తీరం పొడుగునా నడిచాడు. చర్చి వెనక జాగా మాకు లీజుకు రాసిస్తామని పాస్టరు జీవరత్నం గారు అక్కడే ఆయనతో చెప్పారు. ఆ లీజు కాగితంతో అప్పు మంజూరైంది.

గది పూర్తయిందో లేదో, ముసురు పట్టింది. గాజులా కనబడే రేకుల కప్పు, లోపల వలతో అల్లిన తట్టలు, మబ్బు పట్టినప్పుడు వేడిగాలి పంపే పొయ్యి. అంతే. దాని మీద మాలో ఎవరికీ నమ్మకం లేదు. అయినా ఇసక మీద తడిసిపోతున్న నెత్తళ్ళ చేపలను అందరం బుట్టలకెత్తి, కడిగి, అందులో పరిచాం.

మర్నాడు తలుపు తీశాను. బయట కుండపోత. లోపల అడుగు పెడితే రోహిణి ఎండ! తట్టల నిండా నెత్తళ్ళు, వెండి రంగు చెదరలేదు. ఈగ లేదు, ఇసక రేణువు లేదు. పిన్ని ఒకటి తీసి విరిచింది. టక్కుమంది. ఆ చప్పుడు వాన హోరులోనూ అందరికీ వినబడింది.

"మాయమ్మ ఇది సూడకుండానే పోయినాది" అని పిన్ని అక్కడే చతికిలబడింది. పైన కప్పు మీద వాన కొడుతూంటే, తడిబట్టల్లో వేడికి ఆవిర్లు లేస్తూంటే, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. ప్రార్థనలో కూడా మేం అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేం. ఆకాశాన్ని చూసి భయపడడం తప్ప ఎరగని మనుషులం కదా! ఆ వేళ నేను మొదటిసారి ఆ వానను భయం లేకుండా విన్నాను.

ఇప్పుడు మన నెత్తళ్ళు సంఘం పేరుతో పేకెట్లలో నరసన్నపేట దుకాణాలకు వెళ్తున్నాయి. రెండో గదికి ఝాన్సీ మళ్ళీ దరఖాస్తు పెట్టిస్తానంటోంది. దాన్ని నడపడానికి మనిషి కావాలి. నువ్వు రావాలి. వచ్చి ఆ గదిలో ఒక్కసారి నిలబడి చూడు. ఆ తర్వాత కూడా భీమవరమే బాగుందనిపిస్తే, నేనే బస్సెక్కిస్తాను.

వచ్చే ప్రతి బస్సులోనూ నిన్ను వెతుక్కునే,
నీ కృపారాణి

తా.క. పైదంతా దానమ్మ పిన్నికి చదివి వినిపించాను. ఈ ఉత్తరం రాయమన్నది తనే. తను లేచి వెళ్ళాక ఇది రాస్తున్నాను. రెండో గది అప్పుకు నీ పేరు పెడదామని పిన్ని అంటే, ఊళ్ళోనే లేని మనిషికి, పొదుపు కట్టని మనిషికి అప్పెలా వస్తుందని నేను అడ్డుపడ్డాను. సంఘంలోంచి నీ పేరు కొట్టెయ్యలేదటే. నువ్వు వెళ్ళినప్పటినుంచీ నెలనెలా నీ పొదుపు పిన్నే కడుతోంది, తన చేపలన్నీ కుళ్ళిపోయిన నెల కూడా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకోబోయింది, నేను వెయ్యలేదు. ఎందుకు కట్టావు పిన్నీ అంటే, మొహం అటు తిప్పుకుని అంది గదా:

"అది నా మీద కోపంతో ఊర్లోంచి ఎల్లినాది గానీ, సంగంలోంచి ఎల్లలేదు కదేటి!"