వయసైపోయింది బుట్టకి

ఏమండీ, పాలు కాచి మూత పెట్టాను. ఫ్రిజ్ వెనక ఉన్న నీలం ప్లాస్టిక్ బుట్టని ముట్టుకోకండి, పొడిపొడిగా రాలుతోంది.

పొద్దున మీ ల్యాబ్‌వాళ్లతో ఫోన్లో "దానికి వయసైపోయింది, ఇంక ఇంట్లో ఉంచుకుని లాభం లేదు, బయట పడెయ్యాల్సిందే" అన్నారే, అది అత్తయ్య చెవిన పడింది. మీరు గడప దాటగానే "నన్నెవరూ పడెయ్యక్కర్లేదు, నేనే పోతా" అని సంచి సర్దుకుని మీ అక్కయ్య ఇంటికి వెళ్లిపోయారు. తీసుకురావడానికి వెళ్తున్నాను.

ఏం చెప్పి తీసుకురావాలో మాత్రం అర్థం కావట్లేదు. మీరేమో ఇనుముకి తుప్పు పట్టినట్టు ప్లాస్టిక్‌ని గాలి తినేస్తుందంటారు. ఈ బుట్టకి ఎండ తగల్లేదు, మంట తగల్లేదు. ఫ్రిజ్ వెనక గోరువెచ్చదనం చాలంటారు. మళ్లీ ప్లాస్టిక్ ఎన్నాళ్లయినా మట్టిలో కలవదనేదీ మీరే! నాకే తల తిరుగుతుంటే ఆవిడకేం చెప్పను? అయినా తుప్పు అనొచ్చుగా, వయసన్న మాటే దొరికిందా మీకు?

బుట్ట పిడి విరిగి చేతికొచ్చింది, సాక్ష్యానికి పట్టుకెళ్తున్నా.

అన్నట్టు, అత్తయ్య ఫోన్ చేస్తే ముందు "బుట్ట" అనండి. "అమ్మా" తర్వాత అనొచ్చు.