బావిలో దొరికిన పచ్చరాయి

చిక్కడపల్లి,
ఆదివారం.

పీరయ్యా,

అడవి చేలో బావి తవ్వుతుంటే దొరికిందని నువ్వు పంపిన పచ్చరాయి అందింది. రాగి గని పడిందని తవ్వడం ఆపేశావట. కోఠిలో కొన్న రాళ్ల గురించిన పాత పుస్తకం తిరగేసి నేను తేల్చేలోపే మీ అక్క రాయిని చింతపండుతో తోమేసింది.

"గింత చిలుము పట్టినదాన్ని గట్లనే పంపిండా?" అని నిన్ను తిట్టింది కూడా.

పచ్చదనమంతా పోయి తెల్లరాయి తేలింది. అంటే రాగి పైపొరే. ఎక్కడిదో రాగిని కరిగించుకొచ్చిన నీళ్లు నీ బావిలోని రాతి పగుళ్లలో నడిచి ఆ మరక వదిలాయి. ఒక్క రాయిని చూసి ఇంతకన్నా చెప్పలేను.

గని మాట మరిచి, పచ్చగా ఉన్న పగులు వెంటే తవ్వు. నీళ్లు పడితే ముందు పరీక్షకు పంపు. తాగొచ్చంటే, మొదటి బిందె తోడడానికి మీ అక్కతో వస్తాను.

మీ బావ