షహజాదీ పలికిన మాట

అనకాపల్లి,
12 మార్చి 1947.

ఖమర్జహాన్ ఆపాకు, చెల్లెలి సలాం.

నువ్వు పురిటికి వెళ్ళాక నీ చెవిటి పిల్లల తరగతి నేనే చూస్తున్నాను. నిన్న వాళ్ళకు పరీక్ష పెట్టాను. ఒక్క మాటైనా పలకని పిల్లలను ఇంటికి పంపేయమని పైవాళ్ళ ఉత్తర్వు.

షహజాదీకి బంతి చూపించాను, గిన్నె చూపించాను. నోరు విప్పలేదు. మూలనున్న నీ గొడుగు కంటబడగానే "ఆపా" అంది. రెండు నెలలుగా నేర్పుతున్న నన్ను ఒక్కసారీ పిలవలేదు. మనింట్లోనూ ఎవరైనా ముందు నిన్నే పిలుస్తారు. కడుపు మండింది. కాగితం మీద "మాట రాదు" అని రాసేశాను.

ఈ ఉదయం వాళ్ళ నాన్న నాగూర్ మీరా బెల్లం బజారు నుంచి వచ్చాడు.

"పరీక్ష ఏటయిందమ్మా? పిల్లని తీసుకెళ్ళిపోమంటారా?" అన్నాడు.

షహజాదీ అతని చెయ్యి పట్టుకుని, నేనేం చెబుతానో అని నా పెదవులే చూస్తోంది. ఆ చూపు ముందు అబద్ధం రాలేదు.

"పలికింది. ఇక్కడే ఉంటుంది," అన్నాను.

అతను వెళ్ళాక కాగితం దిద్దాను. "ఒక మాట స్పష్టంగా పలుకుతుంది" అని రాశాను. ఏ మాటో మాత్రం రాయలేదు. అది నువ్వు వచ్చి రాసుకో.

నీ కుర్చీలో కూర్చున్న
నీ చెల్లెలు