నాలుగు నిమిషాల గొంతు

ప్రియమైన అన్నయ్యకు,

ఈ వారం కార్యక్రమంలో నేను చదవబోయే కాగితాలు ఈ కవర్లోనే ఉన్నాయి. రికార్డింగ్ నీ ఫోనుకు వస్తుంది. మైకు ముందు కూర్చోకముందే నీకో కాపీ పోస్టు చేసే అలవాటు నాకు పోదు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఊపిరి తిప్పుకోకుండా నేను చెప్పిందంతా విన్నది నువ్వొక్కడివే. అమ్మ "కాస్త నోరు మూసుకోవే తల్లీ" అనేది. నువ్వు చెక్క చిత్రిక పడుతూనే "ఊఁ, తర్వాత?" అనేవాడివి. ఆ "తర్వాత?" పుణ్యాన ఇవాళ నాకీ ఉద్యోగం.

ఈసారి విషయం కుండపెంకులు. పాత గ్రీకు నగరంలో ఒక వింత ఓటింగ్ ఉండేది. గెలిపించడానికి కాదు, వెళ్ళగొట్టడానికి. ఎవడైనా మరీ పెద్దవాడైపోతున్నాడనిపిస్తే వాడి పేరు పగిలిన పెంకు మీద గీకి వేసేవాళ్ళు. ఎక్కువ పెంకులు పడినవాడు పదేళ్ళు ఊరు విడిచి పోవాలి. తవ్వకాల్లో ఒకే మనిషి పేరుతో పెంకుల కుప్ప దొరికిందట, వాటి మీద చేతిరాతలు మాత్రం కొన్నే. ముందే రాసిపెట్టి పంచారన్నమాట! అప్పట్నుంచే ఉన్నాయి ఈ వేషాలు.

ఇక అసలు సంగతి. మా ఎడిటర్‌ను మేము చాటుగా కత్తెర అంటాం. ఏదైనా నాలుగు నిమిషాలు దాటిందంటే కోసి పారేస్తాడు. నిన్న నన్ను పిలిచి, "నువ్వు రాయి చాలమ్మా. చదవడానికి కంప్యూటర్ గొంతు పెడదాం. దానికి దగ్గు రాదు, సెలవడగదు" అన్నాడు. నెలాఖరు మీటింగులో తేలుస్తారు. నా గొంతు నిజంగా బాగుందా, లేక ఇన్నాళ్ళూ అందరూ మొహమాటానికి అంటున్నారా? చెక్క మీద వేలితో తట్టి లోపల పుచ్చుందో లేదో చెప్పేవాడివి. నీ చెవి మీద నాకు నమ్మకం. విని, ఉన్నదున్నట్టు రాయి. బాగుందంటే పోట్లాడతాను. లేదంటే నోరు మూసుకుని రాసుకుంటాను.

ఫోన్ చేస్తే ఎప్పుడూ వదినే ఎత్తుతోంది. "మీ అన్నయ్య మిషను దగ్గరున్నాడమ్మా" అంటుంది. నీకీ ఉత్తరాల పిచ్చి ఎప్పుడు పట్టుకుంది?

నీ వాగుడుకాయ


ప్రియమైన వాగుడుకాయకు,

పోట్లాడు. ముందు ఆ ముక్క రాసేశాను, ఇక మిగతా సంగతులు.

ఆసుపత్రి వరండాకు బెంచీలు చేస్తున్నాం. షాపంతా రంపపు పొట్టే. మీ వదిన నన్ను గుమ్మం బయటే దులిపి లోపలికి రానిస్తోంది.

నీ గొంతు చాలా బాగుంది. మొహమాటానికి అనడం నాకు రాదని నీకు తెలుసు. "మా ఇంట్లో ఈ ఓటింగ్ పెట్టి ఉంటే పెంకులన్నిటి మీదా నా పేరే ఉండేది, ఒక్క మా అన్నయ్య పెంకు మీద తప్ప" అన్నావు చూడు, అక్కడ గొంతు భలే తగ్గించావు. నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఆ విద్య ఏ కంప్యూటర్‌కు వస్తుంది?

నువ్వు పంపేవి లేకపోతే మా భోజనాల వేళ చప్పగా ఉండేది. థాంక్స్ అని నోటితో చెప్పాలంటే సిగ్గు. కాగితం మీదైతే ధైర్యంగా రాయగలను. ఫోనంటావా, రంపం మిషను పక్కన ఎవరు మాట్లాడగలరు?

ఆశీస్సులతో,
అన్నయ్య


అన్నయ్యకు,

మీటింగులో పోట్లాడాను. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, "మా అన్నయ్య విని రాశాడు, అన్నయ్య పెంకు మాట దగ్గర గొంతు తగ్గించిన తీరు వినండి" అని అందరి ముందూ రికార్డింగ్ పెట్టాను. ఆ మాట రాలేదు. కత్తెర కళ్ళద్దాలు తీసి, "అది మరీ ఇంటి గొడవలా ఉందని ఎడిటింగులో తీసేశానమ్మా. నీకు చెప్పడం మర్చిపోయాను" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఎవరూ వినని మాట నువ్వెలా విన్నావు? కాగితం చదివి, నాలుగు పొగడ్తలు రాసి పంపావు, అంతే కదా. పని ఎక్కువై వినలేదంటే ఏమీ అనుకునేదాన్ని కాదు. విన్నానని ఎందుకు రాశావు? నాలుగు నిమిషాలు నా కోసం చెవి పెట్టలేకపోయావా?

నిర్ణయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. నాకిక పోట్లాడే ఓపిక లేదు. కంప్యూటర్ గొంతుకే సరే అంటాను.

చెల్లెలు


ప్రియమైన వాగుడుకాయకు,

ఈ ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లు కూర్చుని లేచానో. చివరికి మీ వదిన "మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అని చీటీ రాసి నా కంచం పక్కన పెట్టింది.

నాకు వినపడటం లేదమ్మా. ఇన్నేళ్ళూ మిషను పక్కన చెవుల్లో దూది కూడా పెట్టుకోకుండా నిలబడ్డాను, దాని ఫలం. మొదట పిట్టల కూతలు పోయాయి, తర్వాత ఫోన్లో మాటలు, ఆ తర్వాత మీ వదిన కేకలు. ఆ చివరిదాంట్లో కాస్త లాభం కూడా ఉందనుకో. డాక్టరు గారు చెవి మిషను పెట్టి చూశారు. గరగర తప్ప మాట తెలియలేదు. చెబితే ఉద్యోగం వదిలేసి పరుగెత్తుకొస్తావని దాచాను. మీ వదిన చేత కూడా దాయించాను.

గొంతు తగ్గించావని రాయడం అబద్ధమే. ఆ మాట చదువుతుంటే నీ గొంతు అలాగే వినిపించింది, రాసేశాను. కానీ గొంతు బాగుందన్నది అబద్ధం కాదు. భోజనాల వేళ మావాళ్ళు నీ రికార్డింగ్ స్పీకరులో పెడతారు. నేను నీ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. పాలిష్ వేసే అక్క ఎవరి మాటా పూర్తిగా విననిది. నువ్వు మొదలుపెట్టగానే క్యారేజీ మూత ఆమె చేతిలోనే ఉండిపోతుంది. మా పెద్దమేస్త్రి నవ్వడానికి కూడా పీనాసితనం చూపించే మనిషి. పెంకుల కుప్ప దగ్గర పొలమారి నీళ్ళు తాగాడు. వాళ్ళ మొహాలు చూసి నువ్వు ఎంతదాకా చదివావో కాగితం మీద పోల్చుకుంటాను. ఆ రోజు అన్నయ్య పెంకు మాట చోట వాళ్ళెవరూ నవ్వలేదు. మన సంగతి వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను.

ఒకసారి మేస్త్రి ఇంకేదో పెట్టాడు, కంప్యూటర్ చదివిందట. నాకు ఏదైనా ఒకటే కదా. కానీ వాళ్ళు తింటూనే ఉన్నారు, కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. అందుకే నిన్ను పోట్లాడమన్నాను. నీ గొంతు సంగతి నేను విని చెప్పలేదమ్మా, చూసి చెప్పాను.

చెవులు పోయాక నలుగురిలో కూర్చోవాలంటే భయమేసేది. ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపించేది. నీ కాగితాలు చేతిలో ఉంటే వాళ్ళు దేనికి నవ్వుతున్నారో నాకూ తెలుస్తుంది. ఆ కాసేపు నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. నీకెంత రుణపడ్డానో నాకు చెప్పడం చేతకాదు. కోపం ఉంటే ఉంచుకో, గొంతు మాత్రం వదులుకోకు.

అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి, స్టూడియో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. "చెవి పెట్టలేకపోయావా" అని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు. దాచినందుకు కోపం కూడా ఉంది. వచ్చాక నీకూ వదినకూ కలిపి వడ్డిస్తాను.

ఫోన్లో వదినను అడిగి ఒప్పించాకే, నీ ఉత్తరంలోని మీ షాపు సంగతి మీటింగులో చదివాను. కత్తెర, "మూత నిజంగానే చేతిలో ఉండిపోతుందా?" అని అడిగాడు. అంతే, కంప్యూటర్ గొంతు మాట మళ్ళీ ఎత్తలేదు. ఇక నుంచి ప్రతి రికార్డింగ్‌తో పాటు రాతప్రతి కూడా పెడదామని ఆయనే అన్నాడు. ఇన్నాళ్ళూ నా గొంతు నిలబెట్టింది నువ్వే. వినకుండానే నిలబెట్టావు.

ఈ వారం విషయం ఒక రాజుగారి సింహాసనం. ఆయనకు వినపడేది కాదు. కుర్చీ చేతుల మీద నోళ్ళు తెరిచిన సింహాలను చెక్కించాడు. వచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని సింహం నోట్లోకి మాట్లాడాలి, లోపలి గొట్టం ఆ మాటను రాజు చెవికి చేరుస్తుంది. చెవులున్న వాళ్ళందరి చేతా మోకరిల్లించాడు, దర్జా చూశావా! నువ్వేమో వినపడదని నలుగురిలో కూర్చోవడానికే భయపడ్డావు. ఇకనైనా "నాకు వినపడదు, ఎదురుగా వచ్చి చెప్పండి" అని తలెత్తుకుని అను. అలాగని ఆ కుర్చీ చెక్కడం మొదలుపెట్టకు, బెంచీలు ముందు పూర్తి చెయ్యి.

సెలవు పెట్టాను. సోమవారం భోజనాల వేళకు మీ షాపులో ఉంటాను. స్పీకరు తీసేయమను, రాజుగారి సంగతి నేనే చెబుతాను. నేను కాగితం తేను, నీకూ ఇవ్వను. నీ ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా, నెమ్మదిగా చెబుతాను. అర్థం కాకపోతే చెయ్యెత్తు, ఎన్నిసార్లైనా మళ్ళీ చెబుతాను. నాలుగు నిమిషాలు దాటితే దాటనీ, అక్కడ కత్తెర ఉండడు.

మీవాళ్ళు నవ్వుతారో లేదో వాళ్ళ ఇష్టం. ఆ పూట వాళ్ళ మొహాలు చూడకు అన్నయ్యా. నన్ను చూడు.

నీ వాగుడుకాయ